చందా పుస్తకంలో కనిపించని పేరు

వినాయక చవితికి విజయవాడ వన్‌టౌన్‌లో పందిరి వేస్తే, నూట పదహార్లు ఇచ్చినవారి పేరు కూడా మైకులో చదువుతారు. పార్టీలకు కోట్లు ఇచ్చినవారి పేర్లు మాత్రం ఆరేళ్లపాటు ఓటరు చెవిన పడలేదు. ఆ గుట్టు ఎలక్టోరల్ బాండ్లతో, అంటే బ్యాంకులో కొని పేరు బయటపడకుండా పార్టీలకు ఇచ్చే పత్రాలతో, మొదలైంది కాదు.

1957లో టాటా ఉక్కు కంపెనీ, పార్టీలకు విరాళాలిచ్చేలా తన నిబంధనలు మార్చుకోవడానికి బొంబాయి హైకోర్టు అనుమతి కోరింది. ప్రధాన న్యాయమూర్తి చాగ్లా అనుమతించారు. అనుమతిస్తూనే, ఈ డబ్బు చివరికి ప్రజాస్వామ్యం గొంతు నులిమేయగలదని హెచ్చరించారు. 1960లో పార్లమెంటు ఒక పరిమితి పెట్టి ఊరుకుంది.

ఈ కథతో గుంటూరు జిల్లాకూ చుట్టరికం ఉంది. నిడుబ్రోలుకు చెందిన రైతు నాయకుడు ఎన్.జి.రంగా అధ్యక్షుడిగా 1959లో స్వతంత్ర పార్టీ పుట్టింది. టాటాలు కాంగ్రెస్‌తో పాటు ఆ పార్టీకీ విరాళాలిచ్చారు. 1967లో అది లోక్‌సభలో అతి పెద్ద ప్రతిపక్షమైంది. రెండేళ్లకే, 1969లో, ఇందిరా గాంధీ ప్రభుత్వం కంపెనీల విరాళాలను నిషేధించింది. నీతి కంటే సీట్ల లెక్కే ఇందులో ఎక్కువ పనిచేసిందని నా అనుమానం. విరాళాలు ఆగలేదు, చెక్కులు పోయి నగదు సంచులు వచ్చాయి.

అసలు కన్నం పడింది 1974లో. అభ్యర్థి కోసం పార్టీ పెట్టిన ఖర్చూ అభ్యర్థి లెక్కలోకే వస్తుందని సుప్రీంకోర్టు తీర్పు చెబితే, పార్లమెంటు వెంటనే చట్టం మార్చి ఆ తీర్పును పక్కకు నెట్టింది. గుంటూరులో ఇప్పుడు అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు 40 లక్షల పరిమితి ఉంది. పార్టీ ప్రచారానికి పరిమితే లేదు.

1985లో నిషేధం ఎత్తేశారు. 2013లో మూడేళ్ల సగటు లాభంలో ఏడున్నర శాతం పరిమితిగా పెట్టారు. 2017లో అదీ తీసేశారు. అంటే నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా ఎంతైనా ఇచ్చే వీలు కలిగింది, అదీ బాండ్ల చాటున, పేరు బయటపడకుండా.

2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు బాండ్లను కొట్టేసింది. మార్చిలో బయటపడిన, బాండ్లు కొన్నవారి జాబితాలో హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్ 966 కోట్లతో రెండో స్థానంలో ఉంది. 2019 ఏప్రిల్ నుంచి వైఎస్సార్ కాంగ్రెస్‌కు సుమారు 337 కోట్లు, తెలుగుదేశానికి సుమారు 219 కోట్లు అందాయి.

బాండ్లు పోయినా, విరాళాలు పోగుచేసి పార్టీలకు పంచే ఎలక్టోరల్ ట్రస్టుల దారి తెరిచే ఉంది. ట్రస్టుకు ఎవరిచ్చారో తెలుస్తుంది, ట్రస్టు ఎవరికిచ్చిందో తెలుస్తుంది. ఎవరి డబ్బు ఎవరికి చేరిందో మాత్రం ఓటరే ఊహించుకోవాలి.