ఏ విజయరామరాజు?

జులై 10 దగ్గర పడిందంటే ఈ పేచీ మళ్ళీ లేస్తుంది. ఈసారి లేపింది ఒక ఫ్లెక్సీ. పద్మనాభం యుద్ధంలో నేలకొరిగిన విజయనగరం రాజు విజయరామరాజుగారికి జోహార్లు చెబుతూ విజయనగరంలో ఓ కూడలి దగ్గర కుర్రాళ్ళు కట్టారు. కింద వేసిన తేదీ సరైనదే: 10-07-1794. పైన బొమ్మలో ఉన్నాయన దగ్గరే వచ్చింది చిక్కు. జరీ తలపాగా, ఒంటికి అతుక్కున్న పొడుగు కోటు, ఛాతీ మీద నక్షత్రం ఆకారంలో పతకం. ఆ నక్షత్రం పేరు స్టార్ ఆఫ్ ఇండియా, ఇంగ్లండు రాణి పేరిట అప్పట్లో ఇచ్చిన బిరుదు. ఆ బిరుదు పుట్టిందే 1861లో. అంటే కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) పటాలంతో పోరాడి చచ్చిపోయిన మనిషికి, పోయిన 67 ఏళ్ళకు పుట్టిన తెల్లదొరల పతకం తగిలించారన్నమాట.

ఆ ఫొటో మధ్యాహ్నానికల్లా అన్ని గ్రూపుల్లోకీ ఎక్కేసింది. సాయంత్రానికి జనం మూడు ముక్కలయ్యారు. "ఫొటో తప్పు, దింపండి" అనేవాళ్ళు ఒకరు. "అదే వంశం, అదే పేరు, ఏ ఫొటో అయితే ఏటి?" అనేవాళ్ళు ఇంకొకరు. మూడోవాళ్ళు బొబ్బిలి వైపు నుంచి దిగారు. వాళ్ళకి పతకం గొడవ పట్టలేదు. "తాండ్ర పాపారాయుడి చేతిలో చచ్చినోడికి జోహార్లేటండి?" అన్నది వాళ్ళ ప్రశ్న.

ముందు ఆ మూడో మాట తేల్చేద్దాం. బొబ్బిలి మీదికి దండెత్తి పాపారాయుడి చేతిలో పోయింది పెద విజయరామరాజు, 1757 జనవరిలో. పద్మనాభంలో పోయింది చిన విజయరామరాజు, 1794 జులైలో. మధ్యన 37 ఏళ్ళు. బొబ్బిలి యుద్ధం సంగతి ఇక్కడ మళ్ళీ చెప్పను. ఆ కథ బుర్రకథలో వినకుండా పెద్దయినవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. బొబ్బిలిలో దుర్మార్గుడి వేషం కట్టిన ఆ పెద విజయరామరాజే విజయనగరం వచ్చేసరికి పైడితల్లమ్మకు తోడబుట్టిన అన్న. అన్న చావు వార్త విని పెద్దచెరువులో కలిసిపోయిన చెల్లెలే అమ్మవారై వెలిసిందని ఇక్కడి నమ్మకం. ఏటా దసరా వెళ్ళిన మంగళవారం సిరిమాను తిరిగేది ఆ ఆడపడుచు కోసమే. అందుకే ఆ పేరును ఎవరైనా ఒక మాటంటే విజయనగరంలో రోషం వస్తుంది, పొగిడితే బొబ్బిలిలో ఒళ్ళు మండుతుంది. రెండు ఊళ్ళ మధ్య దూరం బస్సులో గంటన్నర.

అసలు ఇన్ని తగువులకు మూలం 1757లోనూ లేదు, 1794లోనూ లేదు. ఆ రెండింటికీ నడుమ, 1760 ప్రాంతంలో జరిగిన ఒక దత్తతలో ఉంది. అప్పుడు ఒక పిల్లవాడికి పేరు మార్చారు. చరిత్ర పుస్తకాలు దాన్ని ఒక వాక్యంలో దాటేస్తాయి. నా లెక్కన మిగతాదంతా ఆ ఒక్క వాక్యంలోంచే వచ్చింది.

జరిగింది ఇది. పెద విజయరామరాజు పోయాక గద్దె మీదికి వచ్చింది ఆనందరాజు. ఈయన వచ్చీ రాగానే చుక్కాని తిప్పేశాడు. తమ పెద్దాయన నమ్ముకున్న ఫ్రెంచివాళ్ళను వదిలేసి, విశాఖపట్నం వాళ్ళ చేతుల్లోంచి లాక్కుని, ఇంగ్లీషువాళ్ళకు కబురు పెట్టాడు. క్లైవు బెంగాల్ నుంచి కల్నల్ ఫోర్డును పంపాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళు ఓడారు, మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పడిపోయింది. ఉత్తర సర్కారుల్లో ఇంగ్లీషువాడు కాలు మోపడానికి ఈయన చెయ్యే ఊత. ఆ దండయాత్ర నుంచి తిరిగి వస్తూ దారిలోనే ఆనందరాజు కన్నుమూశాడు. పిల్లలు లేరు.

వారసుడి కోసం తమ పూసపాటి ఇంటిపేరు జ్ఞాతుల్లోనే వెతికారు. దొరికిన పిల్లవాడి పేరు వెంకటపతిరాజు. దత్తత అయ్యాక ఆ పేరు తీసేసి విజయరామరాజు అని పెట్టారు.

తాత పేరు మనవడికి పెట్టడం మనకి కొత్త కాదు. ఈ జిల్లాలో ఏ ఊరి ఓటర్ల జాబితా తీసినా పేజీకి నలుగురు అప్పలనాయుళ్ళు, ముగ్గురు పైడిరాజులు ఉంటారు, తేడా తెలియడానికి తండ్రి పేరు చూసుకోవాలి. ఇది అలాంటిది కాదు. ఆ పిల్లవాడికి అప్పటికే ఒక పేరుంది, ఆ పేరుతో పిలిస్తే పలుకుతున్నాడు. దాన్ని చెరిపి, మూడు నాలుగేళ్ళ కిందట డేరాలో పొడిపించుకుని చచ్చిపోయినాయన పేరు పెట్టారు. పగ ఇంకా చల్లారని రోజులవి. బొబ్బిలి వంశంలో మిగిలిన చిన రంగారావు ఇంకా బతికే ఉన్నాడు. ఆ సమయంలో ఆ పేరును మళ్ళీ గద్దె మీద కూర్చోబెట్టడం ముద్దు కోసం చేసిన పని కాదు. "విజయరామరాజును మీరు చంపలేదు, ఇదిగో ఉన్నాడు" అని చుట్టుపక్కల జమీందార్లకు చాటడం అది. అంతకుముందు మనిషి పేరుగా ఉన్నది అప్పటినుంచి పీఠం పేరు అయింది.

ఆ తర్వాత వరస చూడండి. చిన విజయరామరాజు కొడుకు నారాయణ గజపతి, 1845లో కాశీలో పోయాడు. ఆయన కొడుకు విజయరామ గజపతి, 1879లో పోయాడు. ఆయన కొడుకు ఆనంద గజపతి, గురజాడ తన నాటకం తొలి కూర్పును 1897లో అంకితమిచ్చింది ఈయనకే. అదే ఏడు ఈయన సంతానం లేకుండా పోతే తల్లిగారు మళ్ళీ దత్తత తీసుకున్నారు. ఆ పిల్లవాడు ఇంట్లో చిట్టిబాబు, కాగితాల మీద విజయరామ గజపతి. ఆయన కొడుకు అలక నారాయణ గజపతి. అలక నారాయణ కొడుకు విజయరామ గజపతి, మనమంతా పి.వి.జి. రాజు అని పిలుచుకునే ఆయన. 1757 నుంచి లెక్కపెడితే ఒకరిని విడిచి ఒకరు విజయరామ. తొమ్మిది మంది వరసలో అయిదుగురు. ఆ అయిదుగురిలో ఇద్దరు దత్తత వచ్చినవాళ్ళు. చిట్టిబాబు దత్తత చెల్లదని వేసిన దావా ఏళ్ళ తరబడి నడిచింది. ఆనంద గజపతి తోబుట్టువు రీవా మహారాణి దగ్గర కార్యదర్శిగా ఉన్న గురజాడ చివరి సంవత్సరాల ఓపికంతా ఆ కోర్టు కాగితాలే తినేశాయి. ఆ దావా లేకపోతే ఆయన ఇంకేం రాసి ఉండేవాడో అనుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

క్రికెట్ విజ్జీ కూడా ఈ చిట్టిబాబు కొడుకే. 1936లో ఇంగ్లండుకు భారత జట్టును తీసుకెళ్ళిన కెప్టెన్. ఆయన పూర్తి పేరు విజయానంద గజపతి. వంశంలో తిరిగిన పేర్లలో రెండింటిని ఒక్కడికే పెట్టేశారు.

ఇన్ని విజయరామల మధ్య ఊళ్ళో మామూలు మనిషి ఎలా తికమకపడతాడో చెప్పడానికి ఒక్కటి చాలు. మహారాజా కాలేజీకి మూలమైన బడి 1857లో పెట్టింది విజయరామ గజపతి. సంగీత కళాశాల 1919లో పెట్టి ఆదిభట్ల నారాయణదాసును తొలి ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టింది విజయరామ గజపతి. విద్యాసంస్థలు నడిపే మాన్సాస్ సంస్థ 1958లో పెట్టింది విజయరామ గజపతి. ఒక్కరే అనుకున్నవాడికి ఆయన నూరేళ్ళకు పైగా బడులు కట్టుకుంటూ బతికాడనిపిస్తుంది. మొదటాయన 1879లో పోయారు, రెండోఆయన ఆయన భార్య దత్తత తీసుకున్న చిట్టిబాబు, మూడోఆయన ఆ చిట్టిబాబుకు మనవడు. ఆనందగజపతి ఆడిటోరియం మెట్ల మీద కూర్చున్న కాలేజీ పిల్లల్ని ఎప్పుడైనా అడగండి, ఈ ఆనందగజపతి ఎవరని. 2016లో పోయిన మాజీ ఎంపీ గారని సగం మంది అంటారు. 1897లో పోయినాయన కూడా ఒకడున్నాడని చెబితే వింతగా చూస్తారు.

ఫ్లెక్సీ కట్టిన కుర్రాళ్ళతో మాట్లాడాను. వాళ్ళ వాదన చిన్నది. రాజులకి తమ పేర్లు ఒకటే కావాలని ఉంది కాబట్టే పెట్టుకున్నారు, మధ్యలో మనకేటి నొప్పి అన్నారు. ఫ్లెక్సీ వేసిన డిజైనర్ ఇంకా సూటిగా చెప్పాడు. "నేనేటి సేత్తాను సార్. పేరు కొట్టాను, ఈ బొమ్మొచ్చింది. పతకం ఉంటే రాజులా ఉన్నాడని పెద్దది సేసి ఎట్టాను." అతని తప్పేమీ లేదు. 1794లో కెమెరా లేదు.

ఫొటో దింపమన్నవాళ్ళలో ముందున్నది పద్మనాభం వైపు నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ మేష్టారు. ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పిన మనిషి. ఆయన చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో చేత్తో గీసుకున్న వంశవృక్షం. ఫ్లెక్సీ కింద నిలబడి వేలితో ఆ పతకం చూపిస్తూ ఒక మాటన్నారు: "ఇది తప్పు ఫొటో కాదు బాబూ, తిరగేసిన చరిత్ర."

ఆయన అన్నది విప్పి చెప్పాలంటే చిన విజయరామరాజు చివరి ఏడాదికి వెళ్ళాలి. పిల్లవాడిగా దత్తత వచ్చాడు కాబట్టి పెత్తనమంతా అన్న సీతారామరాజు చేతిలో ఉండేది. దివానుగా ఆయనే జమీని నడిపాడు, ఆయనే బొబ్బిలి చిన రంగారావును పట్టి విజయనగరం కోటలో పెట్టించాడు. కుంఫిణీకి సీతారామరాజు కావలసినప్పుడు కావలసినవాడు, అక్కర్లేనప్పుడు మద్రాసు పంపేయవలసినవాడు. ఈ అన్నదమ్ముల లాగుడులో కుంఫిణీకి కట్టాల్సిన పేష్కషు (కప్పం) బకాయిలు పేరుకుపోయాయి. కట్టమని కుంఫిణీ మెడ మీద కూర్చుంది. ఆఖరికి ఎస్టేటు జప్తు చేసి, నెలకు 1,200 రూపాయలు ఇస్తాం, మచిలీపట్నం వెళ్ళి కూర్చోమంది.

ఆయన వెళ్ళలేదు. దక్షిణంగా బయల్దేరవలసినవాడు పద్మనాభంలో ఆగిపోయాడు. గోస్తని ఒడ్డున, అనంత పద్మనాభస్వామి కొండ కింద. వెంట తనవాళ్ళు వచ్చి చేరారు. కల్నల్ ప్రెండర్‌గాస్ట్ పటాలం తీసుకుని వచ్చాడు. జులై 10 తెల్లవారుజామున మొదలైన పోరు గంట కూడా పట్టలేదు. రాజుతో పాటు ఆయన చుట్టూ ఉన్నవాళ్ళు చాలామంది అక్కడే పడిపోయారు. పారిపోవడానికి కొండలు దగ్గరే. నెలకు 1,200 తీసుకుంటే ముసలితనం దాకా బతికేవాడు.

మేష్టారి కోపం ఇక్కడే. వరసలో అయిదుగురు విజయరాములు ఉంటే ఇంగ్లీషువాడితో కత్తి దూసింది ఈయనొక్కడు. ఫ్లెక్సీ బొమ్మలో ఉన్న, 1879లో పోయిన విజయరామ గజపతి మంచివాడు కాదని మేష్టారు అనడం లేదు. 1857లో ఇక్కడ పిల్లలకు బడి పెట్టినాయన అంటే ఆయనకూ గౌరవమే, ఆ కాలేజీలోనే చదివారట. "బడి కట్టినాయన బొమ్మ బడి ముందు పెట్టండి. పద్మనాభం రాజుకి మాత్రం ఆ పతకం తగిలించకండి" అన్నారు. ఆయన మాట్లాడుతుంటే కుర్రాళ్ళు అడ్డు తగల్లేదు, ఫోనులో రికార్డు చేసుకున్నారు.

బొబ్బిలివాళ్ళకు కూడా ఇందులో ఒక లెక్క ఉంది, అది ఎవరూ చెప్పరు. 1794లో చిన విజయరామరాజు పోయి విజయనగరం ఎస్టేటు చీలికలైనప్పుడే కుంఫిణీ చిన రంగారావును పిలిచి బొబ్బిలి అప్పగించింది. అంటే పద్మనాభంలో విజయనగరం నెత్తురు కారబట్టే బొబ్బిలి తిరిగి లేచింది. 1757లో విజయరామరాజును చంపినందుకు బొబ్బిలికి దక్కనిది, 1794లో ఇంకో విజయరామరాజును కుంఫిణీ చంపితే దక్కింది. ఆ ఇద్దరినీ ఒక్కడే అనుకుని తిట్టడంలో ఒక సుఖం ఉంది, ఈ అప్పు గుర్తుకు రాదు. పేర్ల తికమక బొబ్బిలిలోనూ తక్కువేం కాదు. 1757లో కోటలో పోయినాయన రంగారావు, 1794లో కోట తిరిగి పుచ్చుకున్నాయన రంగారావు, 1932లో మద్రాసు రాష్ట్రానికి ప్రధాని (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) అయి 1937లో సొంత ఊళ్ళోనే వి.వి. గిరి చేతిలో ఓడిపోయినాయనా రంగారావే. అక్కడి గ్రూపుల్లో ఏ ఫ్లెక్సీ మీద ఏ రంగారావు ఉన్నాడో ఒకసారి చూసుకుంటే మంచిది.

మొత్తానికి రెండో రోజు రాత్రి ఫ్లెక్సీ దింపారు. మేష్టారు చెప్పినట్టే ముఖం లేకుండా కొత్తది వేయించారు. కత్తీ డాలూ, వెనక పద్మనాభం కొండ మెట్లు. కింద చిన విజయరామరాజు అని స్పష్టంగా రాయమని మేష్టారు కాగితం మీద పెద్దక్షరాల్లో రాసిచ్చారు. డిజైనర్ అంతా వేశాడు. కొలత సరిపోక ఒక్క "చిన" మాత్రం తీసేశాడు. పొద్దున్నే బొబ్బిలి నుంచి మొదటి మెసేజ్ వచ్చింది: "మళ్ళీ వాడికేనా?"