స్కేలు జారిపోయిన ఆ రెండుసార్లు

అనంతపురంలో మా తమ్ముడి కొడుకు ఆరో తరగతి చదువుతున్నాడు. బడిలో ఏదో కంప్యూటర్ పరీక్ష పెట్టి, "పిల్లాడు స్లో" అని కాగితం ఇచ్చి పంపారు. అందులో ఉన్నది ఒకే అంకె, సగటు స్పందన సమయం. ఇంట్లో అందరికీ టెన్షన్. ఆ సాయంత్రం వాడి వేళ్ల మధ్య 30 సెంటీమీటర్ల స్కేలు నిలబెట్టి, చెప్పకుండా వదులుతూ ఇరవైసార్లు పట్టుకోమన్నాను. చాలాసార్లు 16 సెంటీమీటర్ల దగ్గరే పట్టేశాడు. అంటే సుమారు 0.18 సెకను. రెండుసార్లు మాత్రం వీధిలో ఐస్ బండి గంట వినపడి చూపు అటు పోయింది, స్కేలు నేల మీద పడింది.

ఒక్క అంకెతో మనిషిని తేల్చేయడం పాత అలవాటే. 1796లో ఇంగ్లండ్‌లోని గ్రీనిచ్ అబ్జర్వేటరీలో ప్రధాన ఖగోళ శాస్త్రవేత్త మాస్కెలిన్ తన సహాయకుడు కిన్నెబ్రూక్‌ని పనిలోంచి తీసేశాడు. నక్షత్రం టెలిస్కోప్‌లోని తీగను దాటే క్షణాన్ని అతను 0.8 సెకను ఆలస్యంగా రాస్తున్నాడట. ఇలాంటి తేడా ఆరితేరిన ఖగోళ శాస్త్రవేత్తల మధ్య కూడా ఉంటుందని తర్వాత జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త బెస్సెల్ చూపించాడు. అప్పటికే కిన్నెబ్రూక్ చనిపోయాడు. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

1868లో డచ్ శరీరధర్మ శాస్త్రవేత్త డోండర్స్ ఇంకో అడుగు వేశాడు. ఎంచుకుని స్పందించడానికి పట్టే సమయంలోంచి, ఎంపిక లేకుండా స్పందించే సమయాన్ని తీసేస్తే మిగిలేది మనసు చేసే పనికి పట్టిన సమయం అన్నాడు. గొప్ప ఆలోచనే, కానీ లెక్కంతా సగటుల మీదే నడిచింది.

విడివిడి సమయాలను గ్రాఫ్ గీస్తే గంట ఆకారం రాదు. ఎడమ వైపు నిటారుగా లేచి, కుడి వైపు, అంటే ఆలస్యమైన స్పందనల వైపు, పొడవైన తోకలా సాగుతుంది. 1965లో మనస్తత్వ శాస్త్రవేత్త హోల్ ఆ తోకకు విడిగా ఒక కొలత ఇచ్చాడు. 1978లో మరో మనస్తత్వ శాస్త్రవేత్త రాట్‌క్లిఫ్ అది ఎందుకొస్తుందో వివరించాడు. మా వీధి కొళాయితో చెప్తాను. ధార అంటే మనసుకు అందే సమాచారం. అది నిలకడగా ఉండదు, బిందె నిండితేనే నిర్ణయం. ధార కాస్త తగ్గితే, తొందరగా నిండే బిందెలకు పెద్ద తేడా ఉండదు. ఆలస్యంగా నిండేవి మాత్రం ఇంకా చాలా ఆలస్యమవుతాయి. అంటే తోక సాగుతుంది, దాంతో సగటు పెరుగుతుంది. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవని సమస్య) ఉన్న పిల్లల్లో ఈ తోకే ఎక్కువ పొడవుగా ఉంటుందని తర్వాతి అధ్యయనాల్లో తేలింది. చెయ్యి ఎప్పుడూ నెమ్మదిగా ఉండటం వేరు, మనసు అప్పుడప్పుడూ పక్కకు పోవడం వేరు. రెండింటికీ ఒకే సగటు రావచ్చు, చేయాల్సిన సాయం మాత్రం ఒకటి కాదు.

సోమవారం బడికి వెళ్లి, సగటు కాకుండా వాడి ప్రతి స్పందనకు పట్టిన సమయం విడిగా ఇవ్వమని రాసిచ్చి వచ్చాను.