చేవ అంటే చచ్చిన చెక్కే

జునిపర్ అనే సతత హరిత చెట్టును కుండీలో పొట్టిగా పెంచిన బోన్సాయ్ ఫొటో చూసిన ఒక పాఠకుడి సందేహం: "మాను సగం ఎముకలా తెల్లబడిపోయింది. మరి పైన ఆ పచ్చదనం ఎక్కడిది?"

"వాడిలో చేవ ఉంది" అని మెచ్చుకుంటాం కదా, ఆ చేవ మాను నడుమ ఉండే చచ్చిన చెక్కే. అందులో బతికున్న కణం ఒక్కటీ ఉండదు. బెరడు కింద కొత్త కణాలను పుట్టించే పల్చటి విభాజ్య కణావళి, దానికి బయట చక్కెరను దించే పోషక కణజాలం, లోపల నీటిని ఎక్కించే కొత్త దారువు. చెట్టు బతుకంతా ఆ పైపూతలోనే.

బడిలో మానును ఒకే గొట్టంలా బొమ్మ వేయిస్తారు. నాకు అదే నచ్చదు. జునిపర్ మాను విడివిడి కాలువల కట్ట. ఈ వేరు తాగిన నీరు ఎక్కువగా ఆ వైపు కొమ్మకే. వేరు పోతే ఆ కొమ్మ ఎండుతుంది, పక్క కాలువకు చీమ కుట్టినట్టయినా ఉండదు. కొండ కొమ్మున గాలి, మంచు చేసే పని ఇదే. జపాన్‌లో ఎండిన కొమ్మను 'జిన్' అనీ, బెరడు ఊడిన మాను భాగాన్ని 'షారి' అనీ అంటారు. బతికి మిగిలిన పట్టీ, అంటే జీవనాడి, ఏటేటా ఆ సన్నటి దారిలోనే కొత్త చెక్క పేర్చుకుని, చేతి మీద నరంలా ఉబ్బుతుంది.

బోన్సాయ్‌లో ఈ జిన్, షారిలను చేత్తోనూ చెక్కుతారు. అందుకే ఉలి పట్టేముందు ఆ నాడి ఎటు మెలి తిరిగిందో వేలితో తడిమి చూడాలి. మెలి తిరిగిన నాడి మీదుగా నిట్టనిలువునా చెక్కితే అది తెగిపోతుంది. అయినా కొమ్మ వెంటనే వాడదు. జునిపర్ ఆకుకు చావు కబురు వారాలకు గానీ అందదు! జిన్‌కైతే రంపం వద్దు. బెరడు ఒలిచి, కొస చీల్చి, పట్టకారుతో పీచు పట్టి లాగితే చెక్క తన మెలిక వెంటే చిరుగుతుంది. రంపం కోత చదునుగా ఉండి, మనిషి పనేనని ఇట్టే చెప్పేస్తుంది.

తర్వాత సున్నం-గంధకం ద్రావణం, అంటే కాల్షియం పాలీసల్ఫైడ్. తడిపిన చెక్క మీద పూస్తే లోపలికి ఇంకుతుంది. మొదట పసుపు, కుళ్లిన గుడ్ల కంపు. గాలి తగిలి విడిపోయి, సన్నటి గంధకం, కాల్షియం లవణాలు పీచుల మధ్య మిగులుతాయి. ఆరాక తెలుపు. గంధకం బూజును పెరగనివ్వదు. ఆమ్లం మాత్రం దీని దరి చేరకూడదు, విషవాయువు పుడుతుంది.

షారి మట్టిని తాకేచోట ఎప్పుడూ తేమే. కుళ్లు అక్కడే మొదలవుతుంది, ద్రావణం కారి వేళ్లలోకి దిగేదీ అక్కడే. మట్టి మీద గుడ్డ కప్పి, సన్న కుంచెతో పూయండి.