రెటినాయిడ్ రాస్తే ముఖం మండాల్సిందేనా? అపోహలు - వాస్తవాలు

"డాక్టర్ గారూ, రెండు వారాలకే ట్యూబ్ అయిపోయింది, ముఖం మండిపోతోంది" అంటూ వచ్చిందో అమ్మాయి. ముక్కు పక్కన, పెదాల మూలల్లో చర్మం పొరలుగా లేచి ఉంది. మొటిమలకు నేనే అడాపలిన్ 0.1 శాతం జెల్ రాసిచ్చాను. విటమిన్ ఎ తరహా మందులైన రెటినాయిడ్లలో ఇదొకటి. 15 గ్రాముల ట్యూబ్ నెల దాకా రావాలి మరి!

అపోహ: ఎక్కువ రాస్తే త్వరగా తగ్గుతుంది.
వాస్తవం: ముఖమంతటికీ బఠాణీ గింజంత చాలు. నుదురు, బుగ్గలు, గడ్డం మీద చుక్కలు పెట్టి పల్చగా పరచాలి. ఫలితం కనిపించడానికి ఎలాగూ 8 నుంచి 12 వారాలు పడుతుంది. ఎక్కువ రాస్తే పెరిగేది మంటే.

అపోహ: పొట్టు లేస్తుంటేనే మందు పనిచేస్తున్నట్టు.
వాస్తవం: అన్నిటికంటే మొండి అపోహ ఇదే. మొదటి నెలలో కాస్త ఎరుపు, పొడిబారడం మామూలే. కానీ పొట్టు ఎంత లేచిందన్నదాన్ని బట్టి మందు పనిని కొలవలేం. మంట తట్టుకోలేక మధ్యలో మానేసినవాళ్లను చాలామందినే చూశాను. అందుకే వారానికి రెండు మూడు రాత్రులతో మొదలుపెట్టమంటాను. ముఖం కడిగాక ఓ 20 నిమిషాలు ఆరనివ్వండి, తడి మీద రాస్తే చురుక్కుమంటుంది. సున్నితమైన చర్మమైతే ముందు మాయిశ్చరైజర్, దానిపై మందు, మళ్లీ మాయిశ్చరైజర్. దీన్ని శాండ్‌విచ్ పద్ధతి అంటాం. ముక్కు మూలలకు, పెదాల అంచులకు ముందే కాస్త పెట్రోలియం జెల్లీ పూస్తే మందు అక్కడ పేరుకోదు.

అపోహ: లేచిన పొట్టును సున్నిపిండితో రుద్దేస్తే పోతుంది.
వాస్తవం: ఆ అమ్మాయి చేసిందీ ఇదే. "అమ్మమ్మ చెప్పింది" అంది. సున్నిపిండి మీద నాకేం కోపం లేదు, దాంతో పెరిగినవాణ్నే. కానీ అప్పటికే రేగి ఉన్న చర్మానికి గరుకు పిండి తగిలితే ఇంకా రేగుతుంది. నిమ్మరసం, స్క్రబ్, ముఖానికి వ్యాక్సింగ్ కూడా కొన్నాళ్లు వద్దు. వాసన లేని మైల్డ్ క్లెన్సర్‌తో రోజుకు రెండుసార్లు కడిగి, టవల్‌తో అద్దితే చాలు.

జిడ్డు చర్మానికి మాయిశ్చరైజర్ అక్కర్లేదన్నదీ అపోహే. నాన్ కొమెడోజెనిక్, అంటే చర్మ రంధ్రాలను మూసేయనిది, అని రాసి ఉన్నది కొనుక్కోండి.

అపోహ: రాత్రి రాసే మందుకు పగలు సన్‌స్క్రీన్ ఎందుకు?
వాస్తవం: ఈ మందు వాడేటప్పుడు చర్మం ఎండకు త్వరగా కందుతుంది. పైగా మన చామనఛాయ చర్మంలో మంట తగ్గినా నల్లమచ్చ మిగిలిపోతుంది. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా రాయండి.

గర్భిణులు, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు మందు మొదలుపెట్టకముందే ఆ మాట డాక్టర్‌కు చెప్పాలి.

ఆ అమ్మాయికి వారం పాటు జెల్ ఆపించి మాయిశ్చరైజర్ ఒక్కటే రాయమన్నాను. తర్వాత సోమ, గురువారాల రాత్రులు మాత్రమే జెల్. ఆరు వారాలకు వచ్చినప్పుడు కొత్త ట్యూబ్ ఇంకా సగం పైనే ఉంది.