పసిబిడ్డకు గడ్డ: ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు పరుగెత్తాలి

నెలల బిడ్డకు క్యాన్సర్ గడ్డ అన్న మాట బయటికొస్తే చాలు, అమలాపురం నుంచి నరసాపురం దాకా అవే రెండు వాదనలు మళ్ళీ లేస్తాయి. రొయ్యల చెరువుల నీళ్ళు, పొలాల్లో కొట్టే మందులు అంటూ కారణాల గొడవ ఒకటి. పుట్టిన ప్రతి బిడ్డకూ పరీక్షలు చేసి క్యాన్సర్‌ను ముందే పట్టుకోవాలన్న డిమాండ్ రెండోది. ఇలాంటి గడ్డల్లో ఎక్కువ వాటికి బయటి కారణమేదీ తేలలేదు. తల్లి గ్రహణంలో తిరిగినందుకు మాత్రం రావు, ఆ నింద వెంటనే ఆపాలి.

రెండో డిమాండ్ కన్నవాళ్ళ భయంలోంచి వచ్చింది, కొట్టిపారేయలేం. కానీ ఆ పని జపాన్ చేసి చూసింది.

నవజాత శిశువుల్లో ఎక్కువగా కనిపించే క్యాన్సర్ న్యూరోబ్లాస్టోమా. తరచుగా మూత్రపిండం మీదుండే అడ్రినల్ గ్రంథిలో మొదలవుతుంది. అది వదిలే పదార్థాలు మూత్రంలో దొరుకుతాయి. అందుకే జపాన్‌లో 1980ల మధ్య నుంచి దేశమంతటా ఆరు నెలల పిల్లల మూత్రం పరీక్షించారు. కేసులు చాలా బయటపడ్డాయి. ఆపరేషన్లు చేశారు, కీమో ఇచ్చారు, పిల్లలు బతికారు. అందరూ విజయమనుకున్నారు. 2002లో కెనడాలోని క్యూబెక్ నుంచి, జర్మనీ నుంచి అధ్యయనాలు వచ్చాయి. క్యూబెక్‌లో 4.76 లక్షల మంది పిల్లలను లెక్కలోకి తీసుకున్నారు. రెండుచోట్లా తేలింది ఒకటే: పరీక్షల వల్ల మరణాలు తగ్గలేదు. దొరికిన గడ్డల్లో చాలా వరకు ఎవరూ ముట్టుకోకపోయినా కరిగిపోయేవే. మరుసటి ఏడాది జపాన్ ఆ పరీక్ష ఆపాలని నిర్ణయించింది. ఈ కథంతా మలుపు తిరిగింది అక్కడేనని నా నమ్మకం.

కరిగిపోయే గడ్డల సంగతి డాక్టర్లకు అంతకుముందే తెలుసు. కాలేయానికీ చర్మానికీ పాకి కూడా తగ్గిపోయే రకానికి 1971లోనే 4ఎస్ అని పేరు పెట్టారు. కోయకుండా చూసే ధైర్యం తర్వాత వచ్చింది. 2012లో వెలువడిన అమెరికా అధ్యయనంలో ఆరు నెలల్లోపు పిల్లలు 83 మందికి అడ్రినల్‌లో ఉన్న చిన్న గడ్డలను స్కాన్లతో, మూత్ర పరీక్షలతో గమనిస్తూ వచ్చారు. వాళ్ళలో 81 శాతం మందికి ఆపరేషన్ అక్కర్లేకపోయింది. మూడేళ్ళకు అందరూ బతికే ఉన్నారు. ఆగడమంటే వదిలేయడం కాదు. కాలేయం ఉబ్బి బిడ్డకు ఊపిరాడకపోతే ఆ గంటలోనే వైద్యం మొదలుపెట్టాలి.

నా భయమంతా వేరే గడ్డ గురించి. నడుము కింద తోక ఎముక దగ్గర వచ్చే టెరటోమా 35 వేల నుంచి 40 వేల కాన్పులకు ఒకటి ఉంటుంది, ఆడపిల్లల్లో ఎక్కువ. పుట్టినప్పుడు చాలా వరకు అది క్యాన్సర్ కాదు. రెండు నెలలు దాటితే క్యాన్సర్‌గా మారే ప్రమాదం బాగా పెరుగుతుంది. అందుకే త్వరగా తీసేయాలి, తోక ఎముకతో సహా తీయాలి. ఎముక వదిలేస్తే గడ్డ మళ్ళీ వస్తుందని 1950ల నుంచే తెలుసు. తర్వాత కొన్నేళ్ళు ఏఎఫ్‌పీ రక్తపరీక్ష చేయిస్తూ ఉండాలి. ఏఎఫ్‌పీ ఒక ప్రోటీన్, గడ్డ క్యాన్సర్‌గా తిరిగొస్తే రక్తంలో పెరుగుతుంది. అప్పుడే పుట్టిన పిల్లలకు ఏఎఫ్‌పీ సహజంగానే వేలల్లో ఉంటుంది. ల్యాబ్ కాగితం మీద పెద్దవాళ్ళ హద్దు చూసి హడలిపోకండి.

లోపలికే పెరిగే కొన్ని తప్ప, ఈ గడ్డను పట్టుకోవడానికి స్కాన్ అక్కర్లేదు. బిడ్డను బోర్లా తిప్పి చూస్తే చాలు. తీరా చూశాక "నెల పిల్లకు కోతేమిటి, కాస్త ఒళ్ళు చేయనివ్వండి" అని ఇంట్లో పెద్దవాళ్ళు అంటారు. ప్రేమతో అన్న ఆ మాటే గడువు దాటించేస్తుంది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక చాలామందికి బిల్లు భయం తగ్గింది కానీ దూరం తగ్గలేదు. కీమో దాకా వస్తే కోనసీమ వాళ్ళు తరచుగా విశాఖకో హైదరాబాద్‌కో వెళ్ళాల్సిందే.

ఆస్పత్రిలో కాన్పు అయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికొచ్చి బిడ్డను చూడాలి. ఆఖరిది కూడా రెండు నెలల లోపే. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్ళిన తల్లి గోదావరి అవతలి ఊళ్ళో ఉంటే, ఆ బిడ్డను ఏ ఊరి ఆశా చూడాలి? ప్రతి బిడ్డకూ పరీక్షలు అడుగుతున్నవాళ్ళు తమ పీహెచ్‌సీలో ముందు ఈ ప్రశ్న వేయాలి.