కాయ లేవని చోట ఏముందో

నల్లగొండ, మహబూబ్‌నగర్ చెల్కల్లో బోరు వేయాలంటే ముందు నీళ్లు చూసేటాయనను పిలుస్తారు. అరచేతిలో కొబ్బరికాయను అడ్డంగా పడుకోబెట్టుకుని ఆయన పొలమంతా నడుస్తాడు. ఒకచోట కాయ లేచి నిలబడుతుంది. అక్కడ రాయి పెట్టి, పసుపు కుంకుమ చల్లి, బోరు లారీకి కబురు పెడతారు.

ఆయన మోసగాడని నేననను. గుండ్రటి కాయ అరచేతిలో ఎటో ఒకవైపు ఒరగడానికి సిద్ధంగానే ఉంటుంది. మణికట్టు కంటికి ఆననంత వంగినా చాలు, కదులుతుంది. ఆ వంపు తనదేనని పట్టుకున్న మనిషికే తెలియదు. మనసులోని ఊహ మన ప్రమేయం లేకుండానే కండరాలను కదిలిస్తుందని విలియం కార్పెంటర్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త 1852లో వివరించాడు. దానికి 'ఐడియోమోటార్' అని పేరు పెట్టాడు.

అసలు నష్టం ఆ తర్వాత మొదలవుతుంది. కాయ లేవని చోట ఎవరూ బోరు వేయరు, కాబట్టి అక్కడ నీళ్లున్నాయో లేదో ఎన్నటికీ తెలియదు. లేచిన చోట నీళ్లు పడితే ఊరంతా చెప్పుకుంటారు. దుమ్ము లేస్తే 'మన రాత' అని ఊరుకుంటారు. ఇక్కడిది గ్రానైట్ నేల. పైన మెత్తబడిన రాతి పొరలో, కింద బండ పగుళ్లలో తప్ప నీరు నిలవదు. పక్కపక్క బోర్లలో ఒకటి పోస్తుంది, ఒకటి ఎండుతుంది. ఇంత అనిశ్చితి ఉన్న చోట నమ్మకం సులువుగా వేళ్లూనుకుంటుంది.

1960లో పీటర్ వాసన్ అనే మనస్తత్వవేత్త విద్యార్థులకు 2, 4, 6 అని మూడు అంకెలిచ్చి, వాటి వెనకున్న నియమం కనుక్కోమన్నాడు. ఎవరికి తోచిన అంకెలు వాళ్లు చెప్పొచ్చు, ఆయన అవుననో కాదనో అంటాడు. చాలామంది 8, 10, 12 లాంటివే చెప్పి, 'రెండేసి పెరగాలి' అని తేల్చేశారు. అసలు నియమం పెరుగుతూ పోవడమే. 1, 2, 3 అని ఒక్కసారి అడిగినా తప్పు బయటపడేది. తమ ఊహను కాదనే అంకెలు చాలామందికి తోచనే లేదు.

'నాకు లెక్కలు రావు' అన్న మాటా ఇలాంటిదే. రావనుకున్న పిల్ల లెక్కలు చేయదు, చేయక రావు, రాకపోవడమే రుజువవుతుంది. చేయగలనన్న నమ్మకాన్ని బట్టే మనిషి ప్రయత్నిస్తాడని, ఆ నమ్మకాన్ని అన్నిటికన్నా గట్టిగా పెంచేది తాను చేసి చూసుకున్న పనేనని మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో రాశాడు. పొగడ్త బలం అంతకన్నా తక్కువ.

కొబ్బరికాయ నిజం తేలాలంటే కళ్లకు గంతలు కట్టి అదే పొలంలో ఐదుసార్లు నడిపించాలి. లేచిన ప్రతిచోటా రాయి పెట్టి, రాళ్ల మధ్య దూరం కొలవాలి. పక్కన చేయి పట్టి నడిపించే మనిషికి కూడా మొదటి గుర్తు ఎక్కడుందో తెలియకూడదు. తెలిస్తే, తనకు తెలియకుండానే అక్కడ అడుగు తడబడి సైగ ఇచ్చేస్తాడు.

లెక్కల విషయానికి నోటుబుక్కు చాలు. వర్గ సమీకరణాలు పది, అరగంట టైము. మొదలుపెట్టకముందే 'రెండు కూడా రావు' అన్న అంచనాను అంకెతో రాయాలి. అయ్యాక రాస్తే జ్ఞాపకం ఫలితానికి తగ్గట్టు మారిపోతుంది. 'అవి సులువైనవి కదా' అన్న సాకు రాకుండా లెక్కలు వేరేవాళ్లు ఎంచాలి. ఎక్కువగా చెడేది జవాబులుండే గైడు పుస్తకం దగ్గర. పక్కన తెరిచి ఉంటే, వచ్చిన ప్రతి జవాబు ఘనతా దానికే పోతుంది, నమ్మకం చెక్కుచెదరదు. ఆ అరగంట గైడు వేరే గదిలో ఉండాలి.