ఆ కార్ల ముక్కు అంత పొడుగెందుకు?

1930ల నాటి ఖరీదైన అమెరికన్ కారు ఫొటో ఏదైనా తీసి చూడండి. సగం బండి బానెట్టే ఉంటుంది. మనుషులు కూర్చునే భాగం ఎక్కడో వెనక, ఇల్లంతా వసారా అయిపోయి గదికి చోటు చాలనట్టు, సర్దుకుని ఉంటుంది. చాలాకాలం నేను దాన్ని డబ్బున్నవాళ్ల డాబు అనుకున్నాను. డాబు లేదని కాదు, బోలెడంత ఉంది. కానీ బానెట్ లేపి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఎనిమిది సిలిండర్లు ఒకదాని వెనక ఒకటి, ప్రార్థనకి నిలబడ్డ బడిపిల్లల్లా వరసగా ఉంటాయి. ఆ వరస పట్టాలంటే ముక్కు పొడుగవక తప్పదు.

మరి ఎనిమిది దేనికి? వణుకు పోగొట్టడానికి. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ అమెరికాలో ఒక సంపన్నుడు కారు మీద వేల డాలర్లు పోశాడంటే, అందులో పెద్ద వాటా ఇంజిన్ నడుస్తున్నట్టు తెలియకుండా ఉండటానికే పోయేది.

బుల్లెట్ బండిని స్టార్ట్ చేసి, స్టాండు వేసి వదిలేయండి. అద్దంలో చూసుకుంటే మీ మొహం రెండు మూడుగా కనబడుతుంది. దానికి ఉన్నది ఒకే సిలిండర్. సిలిండర్ లోపల జారే దిమ్మె పిస్టన్, అది తోస్తే తిరిగే ఇరుసు క్రాంక్‌షాఫ్ట్. ఆ క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే పెట్రోల్ ఒక్కసారి మండుతుంది, అప్పుడొక దెబ్బ. మళ్లీ దెబ్బ పడేదాకా బండి ఆ ఊపు మీదే నడవాలి. నాలుగు సిలిండర్లుంటే ప్రతి అరచుట్టుకీ ఒక దెబ్బ. ఎనిమిదైతే పావుచుట్టుకే. ఒక పిస్టన్ తోపు అయిపోకముందే రెండోది అందుకుంటుంది కాబట్టి మధ్యలో ఖాళీ ఉండదు.

ఇది సగం కథే. పిస్టన్ పైకీ కిందకీ కొట్టుకోవడం వల్ల వచ్చే కుదుపు వేరే ఉంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో రెండు పిస్టన్లు పైకి పోతుంటే రెండు కిందికి వస్తాయి. కావిడికి రెండువైపులా సమానంగా బరువు కట్టినట్టే కదా, సరిపోవాలి. సరిపోదు. పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ తిరిగేటప్పుడు పక్కకి వాలుతుంది. ఆ వాలు వల్ల పిస్టన్ తన దారిలో పై సగాన్ని వేగంగా, కింది సగాన్ని కాస్త నిదానంగా దాటుతుంది. పైకెళ్లేవాటి లెక్కా దిగేవాటి లెక్కా పూర్తిగా చెల్లు కావు. మిగిలిపోయిన ఆ తేడా ఇంజిన్‌ని చుట్టుకి రెండుసార్లు ఎగరేస్తుంది. ఎనిమిది సిలిండర్లని వరసలో సరైన కోణాల్లో పేరిస్తే ఈ తేడాలన్నీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. నిజం చెప్పాలంటే వరసగా ఆరు ఉన్నా కొట్టేసుకుంటాయి. ఆరు చాలదా అంటే చాలామందికి చాలు. కానీ పక్కింటాయన కారులో ఎనిమిది ఉన్నాయని తెలిశాక ఆరుతో ఎవరు ఆగుతారు?

ఎనిమిదితో కొత్త తలనొప్పి వచ్చింది. క్రాంక్‌షాఫ్ట్ పొడుగైపోయింది. అది గట్టి ఉక్కే అయినా, ముందు సిలిండర్ ఒక తోపు తోస్తే, వెనక చివర ఇంకా కదలకముందే కొంచెం మెలి తిరుగుతుంది, తడిబట్ట పిండినట్టు. తిరిగిన మెలి వెనక్కి విప్పుకుంటుంది. ఒకానొక వేగం దగ్గర ఈ మెలికీ సిలిండర్ల దెబ్బకీ లయ కుదిరిందంటే, ఉయ్యాలని సరిగ్గా అదను చూసి తోసినట్టు, అంతకంతకూ పెరిగి షాఫ్ట్ విరిగే దాకా పోవచ్చు.

దీనికి డ్యూసెన్‌బర్గ్ అన్నదమ్ములు, ఫ్రెడ్, ఆగస్ట్, చేసిన ఉపాయం నాకు చాలా ఇష్టం. జర్మనీలో పుట్టి చిన్నప్పుడే అమెరికా చేరినవాళ్లు. రేసు కార్లు కట్టి పేరు తెచ్చుకున్నారు. 1921లో ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీ గెలిచింది వాళ్ల కారే. 1928 డిసెంబర్‌లో వాళ్ల కంపెనీ మోడల్ జె తెచ్చింది. 6.9 లీటర్ల ఇంజిన్, వరసగా ఎనిమిది సిలిండర్లు, ఒక్కోదానికి నాలుగు వాల్వులు (గాలి, పొగ దారుల్ని తెరిచి మూసే మూతలు), కంపెనీ చెప్పిన లెక్క 265 హార్స్‌పవర్. ఈ ఇంజిన్ క్రాంక్‌షాఫ్ట్‌కి మూత బిగించిన రెండు చిన్న డబ్బాలు తగిలించి, వాటిలో పాదరసం పోశారు. అంచుదాకా పొయ్యలేదు, కొంచెం వెలితి ఉంచారు. నిండుకుండ తొణకదంటాం కదా, ఇక్కడ తొణకడమే కావాలి. షాఫ్ట్ మెలి తిరిగి వెనక్కొచ్చే ప్రతిసారీ లోపలి పాదరసం వెనకబడి, డబ్బా గోడలకి కొట్టుకుని, ఆ కదలికలోని శక్తిని రాపిడిలో కొద్దిగా వేడిగా మార్చేస్తుంది. వణుకుని పాదరసం తినేస్తుందన్నమాట.

ఆ కారు డ్రైవర్ సీట్లోంచి చూస్తే విమానం గుర్తొస్తుంది. గంటకి 150 మైళ్ల దాకా అంకెలున్న స్పీడోమీటర్, ఎత్తు చెప్పే మీటర్, స్టాప్‌వాచ్ ఉన్న గడియారం, బ్రేకు ప్రెషర్ చూపే ముల్లు. ఇంజిన్ ఆయిల్ మార్చే వేళైతే ఒక దీపం తనంతట తనే వెలుగుతుంది. బానెట్ లేపితే లేతాకుపచ్చ రంగు వేసిన ఇంజిన్. ఇదంతా ఉండి, చాసిస్ ఒక్కదానికే 8,500 డాలర్లు. బాడీ వేరే, దాన్ని కొన్నవాళ్లే తమకి నచ్చిన చోట కట్టించుకోవాలి. పాసడీనాలో మర్ఫీ, న్యూయార్క్‌లో రోల్‌స్టన్ లాంటి బాడీ షాపులు ఆ పని మీదే బతికాయి. ఇందోర్ మహారాజు యశ్వంత్‌రావ్ హోల్కర్ ఒక డ్యూసెన్‌బర్గ్ తెప్పించుకుని, బాడీ లండన్‌లో కట్టించుకున్నారు. అప్పట్లో ఫోర్డ్ మోడల్ ఏ కారు మొత్తం ఐదొందల డాలర్లకి అటూఇటూగా దొరికేది. ఈ లెక్కన ఒక్క డ్యూసెన్‌బర్గ్ చాసిస్ ధరకి ఒక వీధికి సరిపడా ఫోర్డులు వచ్చేవి.

ఎనిమిదితో ఆగుతారా? జనరల్ మోటార్స్ వాళ్ల ఖరీదైన కార్ల విభాగం కాడిలాక్ పదహారుకి పోయింది. 1930 జనవరిలో, అమెరికా షేర్ మార్కెట్ వాల్‌స్ట్రీట్ కుప్పకూలి మూడు నెలలు తిరక్కముందే, వి-16 కారుని న్యూయార్క్‌లో జనం ముందు పెట్టింది. ముహూర్తం అంటే అదీ! రెండు ఎనిమిదుల వరసల్ని 45 డిగ్రీల కోణంలో వాల్చి ఒకే క్రాంక్‌షాఫ్ట్‌కి తగిలించారు. ఆ 45 అంకె ఊరికే రాలేదు. రెండు చుట్లంటే 720 డిగ్రీలు. పదహారుతో భాగిస్తే 45. అంటే దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం ఎంతో, వరసల మధ్య కోణం అంతే, అందుకే లయ ఎక్కడా తప్పదు. ఈ కార్లున్నవాళ్లు ఇప్పటికీ ఒక సరదా చేసి చూపిస్తారు. ఇంజిన్ నడుస్తుండగానే దానిమీద ఒక నాణేన్ని అంచు మీద నిలబెడతారు. అది పడదు.

ఈ ఇంజిన్‌ని చూడటానికి కూడా అందంగా చేశారు. బానెట్ కింద ఏముందో యజమాని పట్టించుకోడనుకునే రోజులవి. కాడిలాక్ వాళ్లు మాత్రం నల్ల ఎనామిల్, మెరుగుపెట్టిన అల్యూమినియం వాడి, ప్లగ్గుల వైర్లన్నీ రెండు వరసల మధ్య లోయలో మూత కింద దాచేశారు. పైకి ఒక్క వైరు వేలాడదు. ఇప్పుడు షోరూమ్ కారు బానెట్ ఎత్తితే కనబడే ప్లాస్టిక్ మూతకి అదే తాత. మనవడికి తాత పోలిక రాలేదు, అది వేరే విషయం.

వణుకు పోయాక చప్పుడు వినబడింది. అంతకుముందు కూడా ఉండేదే, వణుకులో కలిసిపోయేది. మన మెకానిక్కులు ట్యాపెట్ సౌండ్ అంటారే, అది. వాల్వుని తోసే భాగాల మధ్య సన్నని సందు వదలాలి. వేడికి ఇనుము సాగుతుంది కదా, సందు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు. ఆ సందే టకటకమని కొడుతుంది. పదహారు సిలిండర్లకి ముప్ఫైరెండు వాల్వులు, అన్నీ కొట్టాయంటే కుట్టుమిషన్ల కొట్టే. ఓవెన్ నాకర్ అనే ఇంజనీరు నడిపిన కాడిలాక్ బృందం ఆ సందుని ఆయిల్‌తో నింపింది. ఇంజిన్ ఆయిల్ ఒత్తిడితో కదిలే చిన్న ప్లంజర్ సందు ఏర్పడగానే దాన్ని పూడుస్తుంది, ఇనుము సాగితే తగ్గుతుంది. ఈ రోజు మామూలు కార్లలో కూడా ఉన్న హైడ్రాలిక్ ట్యాపెట్ల సూత్రం ఇదే.

గేర్ల గోల కూడా కాడిలాక్ వాళ్లే అంతకు రెండేళ్ల ముందు, 1928లో తగ్గించారు. పాత లారీ డ్రైవర్లని అడగండి, డబుల్ క్లచ్ అంటే ఏమిటో చెబుతారు. రెండు పళ్లచక్రాలు వేర్వేరు వేగాలతో తిరుగుతుంటే వాటిని కలపబోతే గరగరమంటాయి. ఎర్ల్ థాంప్సన్ చేసిన సింక్రోమెష్‌లో పళ్లు కలిసేలోపే రెండు శంకువులు ఒకదానికొకటి రాసుకుని వేగాలు సమానం చేసుకుంటాయి.

ఇంకొక చప్పుడు నాకింగ్, అంటే సిలిండర్లో పెట్రోల్ అదుపు తప్పి మండితే వచ్చే శబ్దం. దాన్ని అణచిన తీరు మాత్రం మెచ్చుకోలేను. 1921లో జనరల్ మోటార్స్‌లో థామస్ మిడ్జ్‌లీ పెట్రోల్‌లో సీసం కలిపితే నాకింగ్ పోతుందని కనిపెట్టాడు. సీసం విషమని అప్పటికే తెలుసు. అయినా 1923 నుంచి అమ్మారు. మన దేశంలో సీసం పెట్రోల్ ఆగింది 2000లో. ఇంజిన్ నోరు మూయించడానికి దాదాపు ఎనభై ఏళ్లపాటు ఆ సీసాన్ని జనం పీల్చారు.

ఈ కార్ల కథ ఎలా ముగిసిందంటే అందరూ చెప్పే జవాబు 1930ల ఆర్థిక మాంద్యం. తప్పేం కాదు. ఖరీదైన కార్ల కంపెనీలు మార్మన్ 1933లో, డ్యూసెన్‌బర్గ్ 1937లో, పియర్స్-యారో 1938లో పోయాయి. కానీ మాంద్యంలో కూడా డబ్బున్నవాళ్లు కొందరున్నారు. నా లెక్కలో అసలు దెబ్బ కొట్టింది రెండు రబ్బరు ముక్కలు.

1931లో క్రైస్లర్ కంపెనీ తన చవక కారు ప్లిమత్‌లో ఫ్లోటింగ్ పవర్ అని ఒకటి పెట్టింది. ఇంజిన్ నాలుగు సిలిండర్లదే, వణుకుతుంది. వణకనివ్వండి అన్నారు వాళ్లు. ఇంజిన్‌ని చాసిస్‌కి నేరుగా బోల్టులతో బిగించకుండా, ముందు ఎత్తులో ఒకచోట, వెనక కిందుగా ఒకచోట రబ్బరు మౌంటింగుల మీద కూర్చోబెట్టారు. ఆ రెండు చోట్లనీ కలిపి గీత గీస్తే అది ఇంజిన్ బరువు కేంద్రం గుండా పోతుంది. ఏ వస్తువైనా సహజంగా ఊగేది అలాంటి గీత చుట్టూనే. ఇంజిన్ తన ఊగుడు తాను ఊగుతుంది, రబ్బరు దాన్ని మింగేస్తుంది, సీట్లో కూర్చున్నవాళ్లకి చేరదు. కాడిలాక్ పన్నెండు సిలిండర్లు అదనంగా పెట్టి సాధించినదాంట్లో చాలా భాగం ఇక్కడ ఆరువందల డాలర్ల లోపు కారులో దొరికింది. మరుసటి ఏడాదే ఫోర్డ్ ఎనిమిది సిలిండర్ల వి-8 కారుని 460 డాలర్ల నుంచి అమ్మింది.

బాడీ కట్టేవాళ్లకీ ఇలాంటిదే ఎదురైంది. వాళ్ల పని కర్రతో చట్రం చేసి, దానిమీద రేకు సుత్తితో మలచడం. అప్పటిదాకా కారు పైకప్పు నడుమ గుడ్డ ఉండేది, అంత వెడల్పు రేకు ఒకే ముక్కలో దొరక్క. 1935 మోడళ్లకి జనరల్ మోటార్స్ పైకప్పంతా ఒకే ఉక్కు రేకుతో ప్రెస్సులో అచ్చుగుద్దింది. గట్టిది, వాన కారదు, కర్ర కిర్రుమనదు. అయితే ఆ అచ్చుల ఖర్చు లక్షల కార్లు అమ్మేవాడికే గిట్టుబాటు. చేత్తో కట్టిన కారు కంటే ఫ్యాక్టరీ కారే మెరుగ్గా ఉంటే, ఎదురుచూసి కట్టించుకునేదెవరు?

1938లో కాడిలాక్ కొత్త వి-16 తెచ్చింది. వరసల మధ్య కోణాన్ని 135 డిగ్రీలకి పరిచేసి, ఇంజిన్‌ని పొట్టిగా, తేలిగ్గా చేసింది. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం 154 అంగుళాల నుంచి 141కి దిగింది. లోపల మనుషులకి చోటేమీ తగ్గలేదు, ముక్కు తగ్గింది. మూడేళ్లలో అమ్ముడైనవి ఐదొందల పైచిలుకు. 1940తో ఆపేశారు.